తాడు కట్టిన సైలెన్సర్

మా ఇంట్లో మగవాళ్ళు పరుల బండి ఎక్కరు. ఈ నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. దానికి కారణం మాత్రం మా తాతగారు చెప్పేవారు. పరుల బండి ఎక్కినవాడు వాళ్ళు పిలిచినప్పుడు రావాలి, వాళ్ళు దింపినచోట దిగాలి అని. ఎస్టేటు పోయింది. దివాణంలో సగం కూలిపోగా తక్కిన సగం ధాన్యం గోడౌను అయింది. వెండి సామాను ఒక్కొక్కటే పెరటి గుమ్మం గుండా వెళ్ళిపోయింది. ఈ నియమం ఒక్కటే పోలేదు. దీన్ని కొనేవాడు దొరకలేదు గనుక మిగిలిందని మా నాన్నగారు అనేవారు. తెలిసినవాళ్ళ జట్కాలు పక్కనుంచే పోతున్నా ఆయన కోర్టు వాయిదాలకి ఎండలో నడిచే వెళ్ళేవారు.

నేను ఆ నియమాన్ని న్యూజెర్సీ దాకా తెచ్చుకున్నాను.

అక్కడ పెట్రోలు కొరత వచ్చిన వేసవి నాకు బాగా గుర్తు. నంబరు ప్లేటు చివర బేసి అంకె ఉన్నవాళ్ళకి బేసి తేదీల్లో, సరి అంకె ఉన్నవాళ్ళకి సరి తేదీల్లో పోసేవారు. బంకు దగ్గర క్యూ వీధి మలుపు తిరిగి కనిపించకుండా పోయేది. ఆ వేసవిలోనే మా ఆఫీసు తెలుగువాళ్ళు ముగ్గురు కలిసి కార్‌పూల్ మొదలుపెట్టారు. ముగ్గురూ ఒకే బండిలో వెళ్ళడం, ఒక్కో వారం ఒక్కొక్కరు నడపడం. దాన్ని మొదలుపెట్టినవాడు మా దివాణం గుమాస్తా కొడుకు.

ఆయన గురించి చెప్పాలి. మా తాతగారు సంతకం చేయవలసిన కాగితాలను వాళ్ళ నాన్న రెండు చేతులతో పట్టుకుని నిలబడేవాడు. తాతగారు కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. కొడుకు బాగా చదువుకుని నాకంటే ముందే అమెరికా వచ్చాడు. నేను చేరేనాటికి అదే కంపెనీలో నా పై అధికారికి పై అధికారి. మా ఇంటికి మూడు వీధుల అవతల ఇల్లు కొన్నాడు. నన్ను 'బ్రదర్' అని పిలిచేవాడు. ఆ మాటలో అగౌరవం ఏమీ లేదు. గౌరవమూ లేదు.

"మీది వీ-ఎయిట్ కదా బ్రదర్, గ్యాస్‌ని మంచినీళ్ళలా తాగేస్తుంది. మాతో వచ్చెయ్యండి. వెనకాల సీటు ఖాళీగానే ఉంది," అన్నాడు ఒకరోజు పార్కింగ్ లాటులో.

"నాకు అలవాటు లేదు."

"అలవాటేముందండీ, కూర్చోడమే కదా!"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను నా బండి ఎక్కి ఇంటికి వచ్చేశాను.

నా బండి పాత అమెరికన్ సెడాన్. పడవలా పొడుగ్గా ఉండేది, నల్ల రంగు. ఎనిమిది సిలిండర్లు. ఇంత బండి మనకెందుకని నా భార్య మొదటిరోజే అడిగింది. నల్లగా ఉంది గనుక కొన్నానని ఆవిడకి చెప్పలేదు. తాతగారి కారు కూడా నలుపే.

"తాతగారి రూలు బాగానే ఉందండీ," అని కార్‌పూల్ సంగతి విన్నాక నా భార్య అంది. "ఆయన ఆ రూలు చెప్పే రోజుల్లో ఊళ్ళో ఉన్నదే ఒక్క కారు. అదీ ఆయనదే. ఇంకెవరి బండి ఎక్కుతారు పాపం?"

ఆవిడది ప్లీడర్ల కుటుంబం. వాళ్ళ మాటకి జవాబు చెప్పడం వృథా.

ఆ తాతగారి కారు గురించి కూడా చెప్పాలి. చివరి రోజుల్లో దాని సైలెన్సర్ తుప్పుపట్టి తెగిపోయింది. బాగుచేయించే స్తోమత అప్పటికి లేదు. కొబ్బరి తాడుతో వెనక బంపరుకి కట్టి నడిపేవారు. బజారులో వెళ్తుంటే అది ఊగి ఇరుసుకి తగిలి డబ్బా మోగినట్టు మోగేది. పిల్లలు వెంటపడి "తోకబండీ, తోకబండీ" అని అరిచేవారు. వెనక సీటులో తాతగారి పక్కన నేను కూర్చునేవాణ్ణి. ఆయన అటూ ఇటూ చూసేవారు కాదు. నేను సిగ్గుతో కిందికి జారితే "నడుం నిలబెట్టు" అనేవారు, పెదవులు కదలకుండా. ఆ రోజుల్లో నిలబెట్టిన నడుం ఇది. ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు డాక్టరు దానికి వేరే కారణం చెబుతాడు.

కొరత తీరిన మరుసటి ఏడాది నా బండి ఇన్‌స్పెక్షన్‌లో తప్పింది. అక్కడ ప్రతి బండినీ ప్రభుత్వం తనిఖీ చేస్తుంది. శీతకాలమంతా రోడ్ల మీద చల్లే ఉప్పు బండి అడుగుభాగాన్ని తినేస్తుంది. తనిఖీ చేసేవాడు వంగి చూసి, చిన్న సుత్తితో గొట్టాన్ని తట్టాడు. సుత్తి లోపలికి పోయింది. గడువులోగా బాగుచేయించుకు రమ్మని చెప్పి అద్దం మీద ఎర్ర స్టిక్కర్ అంటించాడు. రోడ్డున పోయే ప్రతివాడికీ కనిపించేలా ఉంటుంది ఆ ఎరుపు. కార్‌పూల్ బండి నా పక్కనుంచి పోతూ హారన్ కొట్టేది. వాళ్ళు చెయ్యి ఊపేవారు. స్నేహంగానే.

మఫ్లర్ షాపుకి వెళ్ళాను. మనం సైలెన్సర్ అనే దాన్ని అక్కడ మఫ్లర్ అంటారు. నాకు ముందున్న యజమాని ఆ బండిలో ఏవో మార్పులు చేయించాడట. దానికి తగిన గొట్టం తయారుగా దొరకదు, ప్రత్యేకంగా వంచి చేయాలి, ఆ ఖర్చు పెట్టే బదులు బండిని పాతసామానుకి అమ్ముకోవడం మేలు అన్నాడు షాపువాడు. అంటూ నా బండి బానెట్ మీద చేత్తో రెండుసార్లు తట్టాడు, ముసలి గేదెని తట్టినట్టు.

బండి పోతే మిగిలేది ఆ వెనక సీటే. ఆఫీసుకి బస్సు లేదు. ఇంకో బండి కొనే స్థితి కాదు. అంచేత గొట్టం నేనే చేస్తానని నిశ్చయించుకున్నాను.

నేను ఆఫీసులో పైపులైన్లు డిజైన్ చేసేవాణ్ణి. గీయడం వచ్చు, చేత్తో చేయడం రాదు. నేర్చుకున్నాను. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ముంగిట్లో అమ్మకానికి పెట్టిన సామాన్లలో పాత వెల్డింగ్ మెషీన్ దొరికింది. తిన్నని గొట్టాలు, రకరకాల కోణాల్లో వంచిన ముక్కలు, కొత్త సైలెన్సరు డబ్బా, బిగింపులు, బండి కింద దాన్ని వేలాడదీసే రబ్బరు పట్టీలు తెచ్చుకున్నాను. ఒక్క పనిముట్టు కూడా ఎవరి దగ్గరా ఎరువు తీసుకోలేదు. ముందు తుక్కు ముక్కల మీద అతకడం నేర్చుకున్నాను. సన్నని గొట్టానికి రాడ్డు తాకించి క్షణం ఎక్కువసేపు ఉంచితే చిల్లు పడుతుంది. చిల్లు పూడ్చబోతే అది ఇంకా పెద్దదవుతుంది. గరాజ్ నిండా కాలిన ఇనుము వాసన. చొక్కాలన్నింటికీ నిప్పురవ్వల చిల్లులు. నా భార్య ఒక చొక్కాని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "దీన్ని పిండి జల్లించడానికి వాడుకుంటాను," అంది.

బండిని స్టాండ్ల మీదికి ఎత్తి, పాత అట్టపెట్టె పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాను. మా వంశంలో బండి కింద పడుకున్న మొదటివాణ్ణి నేనే. తుప్పు పొడి కళ్ళల్లో పడేది. బట్టలు తగిలించే హ్యాంగరు తీగని సాగదీసి, గొట్టం వెళ్ళవలసిన దారి వెంట వంచుకుంటూ పోయాను. ఇంజను రెండు పక్కల నుంచి వచ్చే రెండు గొట్టాలు ఒకటిగా కలవాలి. బ్రేకు గొట్టానికీ పెట్రోలు గొట్టానికీ దూరంగా పోవాలి. వెనక ఇరుసు మీదుగా లేచి దిగాలి. ఆ చివరిదే కష్టం. తీగ ఆకారాన్ని చూసి ముక్కలు కోసి, అక్కడక్కడ చుక్కలుగా అతికి, ఎత్తి పెట్టి చూసి, తగిలితే దింపి, మళ్ళీ కోసి చేశాను. వారాంతాలన్నీ దానికే పోయాయి. కానీ నిజం చెప్పాలంటే, ఆ గొట్టం అందంగా కుదిరింది. ఈ దేశంలో నేను గీసినవన్నీ ఎవరో కట్టారు. ఇదొక్కటే నేను కట్టింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇరుసు మీది ముక్కని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఉన్నాను. దాన్ని బిగించాల్సిన నా భార్య కుక్కరు కూత వేస్తోందని లోపలికి పరిగెత్తింది. డ్రైవ్‌వే మీద ఎవరో నడిచి వస్తున్న చప్పుడు. ఒకటి బూట్లది, ఒకటి చెప్పులది.

"ఉన్నారా బ్రదర్? అమ్మ ఇండియా నుంచి వచ్చింది. మిమ్మల్ని చూడాలని ఒకటే గొడవ."

"పనిలో ఉన్నాను," అన్నాను బండి కిందినుంచి.

అప్పుడు నా పాదాలకి చల్లని వేళ్ళు తగిలాయి. బండి బయట ఉన్నవి నా పాదాలొక్కటే. ఆవిడ రెండు చేతులతో వాటిని పట్టుకుని, తల ఆనించింది. నేను కాళ్ళు వెనక్కి లాక్కోలేకపోయాను. కదిలితే గొట్టం నా మొహం మీద పడుతుంది.

"చిన్నబాబుగారూ! మీకేం ఖర్మ బాబూ, ఇలా మట్టిలో పడుకోడం!"

"అమ్మా! లే, లే! నైబర్స్ చూస్తున్నారు. ఏంటిది అసలు!"

"నువ్వు నోర్ముయ్‌రా. ఈ కాళ్ళ చలవే నువ్వింతవాడివి కావడం."

"నేను స్కాలర్‌షిప్ మీద వచ్చానమ్మా."

"ఆ, వచ్చావులే!"

"కాళ్ళు వదలండి," అన్నాను. నా గొంతు ఇనుములో తగిలి నాకే వేరుగా వినిపించింది.

ఆవిడ వదిలింది. వదిలి, అక్కడే నేల మీద కూలబడి, వంగి బండి కిందికి చూసింది. నా మొహం కనిపించిందో లేదో తెలియదు.

"ఇదేంటి బాబూ, సైలెన్సరా? మీ తాతగారి కారుదీ ఇలాగే పోయింది. దానికి తాడు కట్టింది మా ఆయనే! బండి షెడ్డులో పెట్టేద్దాం బాబుగారూ అంటే పెద్దబాబుగారు ఒప్పుకోలా. రోజూ పొద్దున్నే నూతి దగ్గర తాడు తడిపి, బండి కింద దూరి కట్టేవారు. తడిపి కడితే కాలదట. ఆ బండి నడిచినన్నాళ్ళూ ఆ తాడు మీదే కదా బాబూ నడిచింది!"

ఆవిడ ఎగతాళి చేయలేదు. గర్వంగా చెప్పింది. అదే నాకు గుచ్చుకుంది. మా ఇంటి అవమానం మరొకరింట్లో గర్వంగా చెప్పుకునే కథ అయిందని అంతవరకు నాకు తెలియదు.

కొడుకు నా సామాను పెట్టెలో చెయ్యి పెట్టి రబ్బరు పట్టీని తీసి ఆవిడకి చూపించాడు. "ఇప్పుడు తాడు అక్కర్లేదమ్మా. ఇదిగో, ఈ రబ్బర్‌తో వేలాడదీస్తారు. ఇది మోడరన్ తాడు. అంతే తేడా." నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది.

నా భార్య వచ్చి, "పిన్నిగారూ, లోపలికి రండి, కాఫీ తాగుదురుగాని," అని వాళ్ళని తీసుకుపోయింది. తరవాత గుర్తొచ్చి పరిగెత్తుకుంటూ వచ్చి బిగింపు బిగించింది. వంటింట్లోంచి చాలాసేపు మాటలు, నవ్వులు వినిపించాయి. వాళ్ళు వెళ్ళిపోయేదాకా నేను బండి కిందినుంచి బయటికి రాలేదు.

"పెద్దావిడ అంత దూరం నుంచి వచ్చి దండం పెట్టింది. మీరు పలకరించనైనా లేదు," అంది నా భార్య.

"చేతులు ఖాళీ లేవు."

ఆ సాయంత్రం రబ్బరు పట్టీలను తీసి చెత్తడబ్బాలో వేశాను. ఇనుప కోణాలు కోసి, గొట్టాన్ని బండి ఛాసిస్‌కి నేరుగా, గట్టిగా అతికేశాను. రబ్బరు ఎందుకు పెడతారో నాకు తెలియక కాదు. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా ఒక పక్కకి ఒరుగుతుంది, దానితోపాటు గొట్టం కూడా కదలాలి. ఇది ఏ ఇంజనీరుకైనా తెలుసు. కానీ నా బండి కింద ఏదీ వేలాడకూడదు, ఏదీ ఊగకూడదు. ఇనుము ఇంకాస్త మందంగా ఉంటే చాలనుకున్నాను. లెక్క కూడా వేశాను.

"ఆ రబ్బరు ముక్కలు మిగిలిపోయాయేంటండీ?" అని నా భార్య చెత్తడబ్బాలోకి చూసి అడిగింది.

"అక్కర్లేదు."

బండి తనిఖీలో నెగ్గింది. తనిఖీవాడు గొట్టాన్ని చేత్తో ఊపి చూశాడు. అది కదల్లేదు. "ఎవరు చేశారు?" అని అడిగాడు. నేనేనని చెప్పాను. వాడు పెదవి విరిచి తల ఊపాడు. వాళ్ళ దేశంలో అది మెప్పు. ఎర్ర స్టిక్కర్ గీకేసి కొత్తది అంటించాడు. ఆ వేసవంతా, ఆకులు రాలే కాలమంతా నా నల్లబండి చప్పుడు లేకుండా నడిచింది. చప్పుడు లేకుండా అంటే ఒక లోతైన గరగర, అంతే. నా జీవితంలో నేను తృప్తిగా ఆఫీసుకి వెళ్ళిన రోజులు అవే. కార్‌పూల్ బండిని దాటి పోయేటప్పుడు హారన్ నేనే కొట్టేవాణ్ణి.

చలి ముదిరాక ఒక ఉదయం పార్క్‌వే అనే హైవే మీద ఎత్తు ఎక్కుతున్నాను. యాక్సిలరేటర్ బాగా నొక్కాను. కాళ్ళ కింద పిడుగు పడినట్టయింది. వెంటనే ఇనుము రోడ్డుని గీరుతున్న చప్పుడు, అద్దంలో వెనక నిప్పురవ్వలు. బండిని రోడ్డు పక్కకి తీసి దిగి చూశాను. ముందరి కోణం దగ్గర గొట్టం తెగి, ముక్కు నేలకి ఆనించి పడి ఉంది. ఒక మాట చెప్పాలి. నా అతుకు తెగలేదు. అతుకు పక్కన గొట్టం తెగింది. ఈ తేడా తెలిసినవాళ్ళకి తెలుస్తుంది.

సూటూ టై వేసుకుని ఆ చలిలో నిలబడ్డాను. లారీలు పోతుంటే బండి ఊగుతోంది. ఆ రోజు నేను గీసిన డ్రాయింగుల మీద పెద్ద సమావేశం ఉంది. నడవడానికి అది కోర్టు కాదు, ఆ రోడ్డు మీద మనిషి నడవకూడదు కూడా. ఇంతలో ఒక బండి నెమ్మదించి నా వెనక ఆగింది. ఏ బండో తిరిగి చూడకుండానే తెలిసింది.

గుమాస్తా కొడుకు దిగి వచ్చాడు. ఆ వారం నడపడం ఆయన వంతు. మంచి ఓవర్‌కోటు. రోడ్డు మీద ఒక మోకాలు ఆనించి కిందికి చూశాడు.

"రిజిడ్‌గా వెల్డ్ చేసేశారా? రబ్బర్ హ్యాంగర్లు పెట్టలేదే బ్రదర్?"

నేను టై సర్దుకున్నాను.

"సరే, ట్రంక్ తియ్యండి. కట్టడానికి ఏదైనా ఉందేమో చూద్దాం."

ట్రంకులో పుస్తకాల బీరువా తెచ్చినప్పుడు కట్టిన తాడు ఉంది. ఆయన దాన్ని తీసి చేతికి చుట్టుకున్నాడు. మొహంలో కొంచెం ఉత్సాహం కూడా కనిపించింది.

"ఇది చాలు. రెండు నిమిషాల్లో కట్టేస్తాను. నెమ్మదిగా నడిపితే ఆఫీస్‌కి వచ్చేస్తుంది. వెనకాలే మేం వస్తాం."

"వేడికి తాడు కాలిపోతుంది."

"తడిపి కడితే కాలదు బ్రదర్. మా నాన్న అలాగే కట్టేవాడట. అమ్మ చెప్పింది, మీరూ విన్నారుగా!" అని తన బండి వైపు తిరిగి, "ఒరేయ్, ఆ వాటర్ బాటిల్ ఇటివ్వు!" అని కేకేశాడు.

ఆయన ఓవర్‌కోటు విప్పి నా బండి మీద వేసి, కిందికి వంగబోయాడు. నాకు బజారు కనిపించింది. నా నల్లబండి తాడుతో ఊగుతూ ముందు పోతుంది. దాని వెనక, చూస్తూ, మన తెలుగువాళ్ళు నిండిన బండి. తాడు కట్టినవాడు గుమాస్తా కొడుకు. నడుం నిలబెట్టుకుని నేను.

"వద్దు," అన్నాను. "కట్టకండి."

"మరి?"

"మీ బండిలో వస్తాను."

ఆయన తాడు చేతికి ఉండగానే లేచి నా వైపు చూశాడు. ఆయనకి మా నియమం తెలుసు. వాళ్ళ నాన్న తెల్లవారుజాము నుంచి మా గుమ్మం దగ్గర నిలబడి నేర్చుకున్నవి ఆ ఇంట్లో ఎవరికి తెలియవు? ఏదైనా అంటాడని చూశాను. అంటే బాగుండేది. తాడుని జాగ్రత్తగా చుట్టి మళ్ళీ నా ట్రంకులో పెట్టి, ఓవర్‌కోటు తొడుక్కుని, "పదండి, లేటవుతుంది," అన్నాడు.

వెనక సీటులో ఉన్నతను జరిగాడు. ముందు సీటులోని అతను వెనక్కి తిరిగి, "వెల్‌కమ్ అండీ! వీ-ఎయిట్ వాళ్ళు కూడా మాలో కలిసిపోయారు. నెక్స్ట్ వీక్ మీ టర్న్ మరి!" అన్నాడు. "దేంతో వస్తారు, తోపుడు బండితోనా?" అని నా పక్కనున్నతను అన్నాడు. అందరూ నవ్వారు. నడిపేవాడు నవ్వలేదు. నేను మోకాళ్ళ మీద లంచ్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. వీపు సీటుకి ఆనించలేదు.

ఆఫీసు ముందు ఆగాక నా వైపు తలుపు తెరవబోతే పిడి వదులుగా తిరిగింది. "అది లోపల్నుంచి రాదండీ, ఆయనే వచ్చి తియ్యాలి," అన్నాడు నా పక్కనున్నతను. గుమాస్తా కొడుకు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ నాన్న తాతగారి కారు తలుపు అలాగే పట్టుకునేవాడు. ఇది పిడి పాడైనందువల్ల, అంతే. నాకు తెలుసు. తిన్నగా దిగి, ఏమీ అనకుండా లోపలికి నడిచాను. మా ఇంట్లో తలుపు తెరిచినవాడికి థాంక్స్ చెప్పే అలవాటు లేదు.

నా నల్లబండిని టో ట్రక్కు ఈడ్చుకుపోయింది. షాపువాడు చెప్పినట్టు పాతసామానుకే పోయింది చివరికి. గొట్టాన్నైనా విప్పి తెచ్చుకుందామనుకున్నాను. ఛాసిస్‌కి అంత గట్టిగా అతికాను గనుక అది రాలేదు.

ఆ రోజు సమావేశం సాయంత్రం దాకా సాగింది. నా డ్రాయింగుల మీద ఇంకా మాట్లాడుతూ ఉండగానే కిందినుంచి హారన్ వినిపించింది. ముందు ఒకసారి, కాసేపాగి ఇంకోసారి. కిటికీలోంచి చూస్తే ఆయన బండి గుమ్మం ముందు ఉంది.

కాగితాలు సర్దుకుని వెళ్ళాను.